క్లచ్ మీద పదిహేడు కాళ్ళు

మా ఆడపడుచు హైమ కారులో నేనొక స్విచ్చు బిగించాను. దాని పర్యవసానంగా మా జిల్లాలో ఒక గెజిటెడ్ అధికారి పన్నెండు రోజులపాటు మాట్లాడకుండా, తలాడించకుండా, సంతకం పెట్టకుండా కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. ఇందులో మీ బాధ్యత ఎంత అని నన్ను ఇప్పటికీ అడుగుతున్నారు. స్విచ్చు ఎంత కిందికి ఉండాలో నేను మొదటిరోజే చెప్పాను. నోటితో చెప్పడమే కాదు, బొమ్మ గీసి, కొలతలు వేసి, కింద సంతకం కూడా పెట్టి ఇచ్చాను. అంతకు మించి ఒక గృహిణి ఏం చేయగలదో నాకు తెలియదు.

ముందు స్విచ్చు సంగతి చెప్పాలి.

హైమ పాలిటెక్నిక్‌లో లాబ్ ఇన్‌స్ట్రక్టరు. ఏటా మా ఘాట్ రోడ్డు మీద కార్లతో కొండ ఎక్కే పోటీ జరుగుతుంది. అందులో ఆమెది నాలుగేళ్ళుగా రెండో స్థానం. కిందటేడు తేడా సెకనులో పదో వంతులు నాలుగు. "నాలుగంటే నాలుగు, వదినా" అని ఏడాది పొడుగునా నాకు వేళ్ళు చూపిస్తూనే ఉంది. ఆ నెల ముప్పయ్యో తేదీకి ఆమె కారుకు పదిహేనేళ్ళు నిండుతాయి. పదిహేనేళ్ళు నిండిన కారును పోటీలోకి రానివ్వరు. పోటీ ఇరవై ఎనిమిది, ఆదివారం. అంటే ఆ కారుతో గెలిస్తే ఆ ఆదివారమే గెలవాలి, లేదంటే ఇంక లేదు.

ఆ నాలుగు వంతులు ఎక్కడ పోతున్నాయో నేను ఒకరోజు పక్క సీట్లో కూర్చుని చూశాను. గేరు మార్చినప్పుడల్లా ఆమె కుడికాలు యాక్సిలరేటరు మీద నుంచి లేస్తోంది. లేవక తప్పదు. క్లచ్ తొక్కి యాక్సిలరేటరు కూడా తొక్కిపట్టి ఉంచితే, లాగడానికి బరువు లేని ఇంజను గొంతు చించుకుని అరిచి చివరికి పాడైపోతుంది. కాలు లేవకుండా గేరు మారాలంటే ఒకటే దారి. క్లచ్ అడుగుదాకా దిగిన ఆ క్షణం మాత్రం ఇంజనుకు నిప్పురవ్వ అందకూడదు. గేరు పడి క్లచ్ లేవగానే మళ్ళీ అందాలి. హైమ కారులో ఇంజనును నడిపే కంప్యూటరు పెట్టెకు ఆ పని వచ్చు. "ఇప్పుడు క్లచ్ అడుగున ఉంది" అని దానికి ఎవరైనా చెప్పాలి, అంతే. చెప్పడానికి ఒక స్విచ్చు చాలు.

ఫ్రిజ్ తలుపు మూస్తే లోపల లైటు ఆరిపోతుంది కదా, దాన్ని ఆర్పేది తలుపు సందులో ఉండే చిన్న స్విచ్చు. నొక్కితే తెగుతుంది, వదిలితే కలుస్తుంది. నేను బీయస్సీ ఫిజిక్సు చదివాను. ఇరవై ఏళ్ళుగా ఆ తలుపు రోజుకు ముప్పైసార్లు తీసి మూస్తున్నాను. నాకంటే ఆ స్విచ్చును ఎరిగినవాళ్ళు మా వీధిలో లేరు. స్క్రూడ్రైవర్ తీసుకుని ఊడదీశాను.

"ఫ్రిజ్‌లో లైటు వెలగడం లేదేమిటి?" అన్నారు మా ఆయన ఆ సాయంత్రం, పెరుగు గిన్నె కోసం తడుముకుంటూ.

"మీ చెల్లెలు గెలవాలండి" అన్నాను. ఆయన తడుముకుని తీసుకున్నారు.

స్విచ్చును మొదట హైమ మాట విని పెడల్ పైభాగంలో బిగించాను. కొంచెం తాకితే చాలు పనిచేసేలా ఉండాలని ఆమె పట్టుబట్టింది. హైవే ఎక్కిన రెండో నిమిషం నుంచి కారు దగ్గడం మొదలుపెట్టింది.

"ఏమైంది వదినా?"

"నీ ఎడమకాలు ఎక్కడుంది?"

"క్లచ్ మీద."

"గేరు మారుస్తున్నావా?"

"లేదు. ఊరికే పెట్టాను. అలవాటు."

"నువ్వు ఊరికే పెట్టావని ఇంజనుకు తెలియదమ్మా. తొక్కావనుకుని ఆగుతోంది."

ఇంటికొచ్చి స్విచ్చును కిందికి దించాను. పెడల్ ఇంక రెండు వేళ్ళ దూరంలో నేలను తాకుతుందనగా నొక్కుకునేలా కొత్త పట్టీ వేసి బిగించాను. ఆ తర్వాత హైమ పూర్తి వేగంలో రెండో గేరు నుంచి మూడో గేరుకు వెళ్ళిన చప్పుడు నేను జన్మలో మర్చిపోను. పాట మధ్యలో గాయని ఊపిరి పీల్చుకున్నా మనకు తెలియదు చూడండి, అలా ఉంది. ఆనందం పట్టలేక హైమ హారను కొట్టింది. నేను కూడా కొట్టాను.

పోటీకి కావలసింది ఇంకొక్కటే: కారులో చేసిన మార్పుకు జిల్లా వాహన మార్పుల కార్యాలయం ఇచ్చే ఆమోదపత్రం. అది ఇరవై ఆరో తేదీ, శుక్రవారం సాయంత్రం అయిదు లోపల పోటీ నిర్వాహకులకు అందాలి. మేం పదో తేదీన దరఖాస్తు పట్టుకెళ్ళాం. పదహారు రోజులున్నాయి. ఒక సంతకానికి చాలవా అనుకున్నాం.

సూపరింటెండెంటు పైడిరాజు గారు మా ఫారాన్ని పధ్నాలుగో గడిదాకా చదివి ఆగిపోయారు. ఆ గడిలో ఇలా ఉంది: 'బిగించిన స్విచ్చు ఏ వేలితో నొక్కబడును?'

"ఏటమ్మా, ఇక్కడ ఖాళీ వదిలీసినారు?"

"కాలితో తొక్కుతామండి" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీశారు. "కాలితో తొక్కీదాన్ని పెడలంటారు. చేత్తో నొక్కీదాన్ని స్విచ్చంటారు. రెండూ ఒకటే అంటే ఫారం ఒప్పుకోదు."

"ఒప్పించడం మీ పని కదండీ" అంది హైమ.

"ఫారం పైనుంచి వచ్చిందమ్మా. మేం కిందనుంచి వచ్చినాం." కాసేపు కప్పు వైపు చూశారు. తర్వాత ఆయన మొహం వెలిగింది. "కాలికి కూడా వేళ్ళుంటాయి కదా?"

"ఉంటాయండి."

"అయితే చట్టబద్ధమే" అని గడిలో 'ఎడమకాలి బొటనవేలు' అని గుండ్రంగా రాశారు. "మిగతాది సార్ చూసుకుంటారు. లోపలికి వెళ్ళండి."

సార్ అంటే పురుషోత్తమం గారు, జిల్లా వాహన మార్పుల అధికారి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఏ ఫైలు వచ్చినా దాని మీద 'చర్చించండి' అని రాసి వెనక్కి పంపడం ఆయన పద్ధతి. చర్చించి పంపితే 'మరల చర్చించండి' అని రాస్తారు. ఆ రోజు మాత్రం ఆయన చాలా దిగులుగా ఉన్నారు. వెనక గోడ మీద పెద్ద బ్యానరు: 'కార్యాలయ వేగవర్ధన పక్షోత్సవం.' పన్నెండో తేదీ నుంచి ఇరవై ఆరు దాకా. ఆ పదిహేను రోజుల్లో ప్రతి కార్యాలయం వేగం పెంచే ఒక నూతన ఆవిష్కరణ అమలు చేసి చూపాలట. ఆయన దగ్గర ఆవిష్కరణ లేదు.

"మార్పు యొక్క ఉద్దేశం సంక్షిప్తంగా నివేదించండి" అన్నారు.

నేను నివేదించాను. కుడికాలు లేవదు, వేగం తగ్గదు, ఒక్క క్షణం ఇంజను ఆగుతుంది, ఆ క్షణంలో గేరు మారిపోతుంది.

ఆయన నెమ్మదిగా లేచి నిలబడ్డారు. "అనగా... మార్పు జరుగును. కాని వేగము తగ్గదు!"

"అంతేనండి."

"అమ్మా! ఈ కార్యాలయంలో ఫైలు ఒక సీటు నుంచి ఇంకో సీటుకు మారే సమయంలోనే కదా వేగం నశిస్తున్నది! పదిహేడు సీట్లు. పదిహేడు గేర్లు!" ఆయన కళ్ళు బ్యానరు మీదికి వెళ్ళి తిరిగొచ్చాయి. "పైడిరాజు గారూ! అందరినీ పిలవండి!"

అందరూ వచ్చారు. ప్రతి బల్ల కింద ఒక పెడల్ పెట్టాలన్నారు. ఫైలు చేతులు మారే క్షణంలో ఉద్యోగి దాన్ని తొక్కాలి. తొక్కగానే ఇంజను ఆగాలి.

"సర్, మరి ఆఫీసుకి ఇంజనెవరండీ?" అన్నారు పైడిరాజు గారు.

పురుషోత్తమం గారు ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు. "సందేహమా? కార్యాలయానికి ఇంజను నేనే."

నేను ఊరుకోవలసింది. కాని లెక్క తప్పుగా ఉంటే నాకు నిద్ర పట్టదు. "అలాగైతే ఆగవలసింది మీరేనండి" అన్నాను.

పదిహేడుమంది చూపులు నేల మీదికి దిగాయి. ఆయన బ్యానరు వైపు తిరిగారు. తర్వాత గంభీరంగా అన్నారు: "ఆగుతాను. ప్రజల కోసం ఆగుతాను."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. 'ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, దస్త్రము చేతులు మారు సమయమున సంబంధిత ఉద్యోగి తన బల్ల క్రింది పెడలును తొక్కవలెను. తొక్కిన తక్షణము అధికారి బల్లపై ఎర్ర దీపము వెలుగును. దీపము వెలుగుచున్నంతసేపు అధికారి సంతకము, సంభాషణ, తలయూపు, కనుసైగ మున్నగు సమస్త అధికార చర్యలను నిలుపుదల చేయవలెను. ఉల్లంఘన వేగనిరోధముగా పరిగణింపబడును.' కింద ఆయన సంతకం. దాని గురించి కూడా చెప్పాలి. ఇంటిపేరుతో మొదలై, మూడు మెలికలు తిరిగి, రెండు గీతలు గీసుకుని, తేదీ వేసుకుంటే గాని పూర్తవదు. నేను గడియారం చూసి లెక్కపెట్టాను. తొమ్మిది సెకన్లు.

ఈ పథకానికి నన్ను గౌరవ సాంకేతిక సలహాదారుగా నియమించారు. మా దరఖాస్తు మీద మాత్రం అలవాటుగా 'చర్చించండి' అని రాసి, ప్రారంభోత్సవం అయ్యాక చూద్దామన్నారు. నేను రెండు పేజీల సలహా రాసిచ్చాను. అందులో ఎర్ర గీత కింద ఉన్న వాక్యం ఒకటే: 'స్విచ్చు పెడల్ అడుగున ఉండాలి. పైన ఉంటే, ఊరికే పెట్టిన కాలును కూడా తొక్కినట్టే లెక్కిస్తుంది.'

నా సలహాను మోకాళ్ళ ఉపసంఘానికి పంపారు. ఆ ఉపసంఘానికి అధ్యక్షురాలు డిస్పాచ్ సీటు సుభద్రమ్మ గారు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. ఆవిడను హడావుడి పెట్టడం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు.

"అడుగుదాకా తొక్కాలంటే రోజుకు ఎన్నిసార్లు తొక్కాలమ్మా?" అని నన్ను అడిగారు.

"ఎన్ని ఫైళ్ళొస్తే అన్నిసార్లండి."

"నా మోకాలు నీకు కనిపించడం లేదూ?"

"కనిపిస్తోందండి. కాని స్విచ్చు పైన పెడితే..."

"పైనే పెట్టండి. పువ్వు తాకినట్టు తాకితే చాలాలి. ఉద్యోగుల మోకాళ్ళు ప్రభుత్వ ఆస్తి."

ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పదిహేడు స్విచ్చులు, పువ్వు తాకితే చాలు. పదిహేడింట్లో ఏ ఒక్కటి తాకినా సార్ బల్ల మీద దీపం వెలుగుతుంది.

పదిహేనో తేదీ, సోమవారం ఉదయం పదిన్నరకు సార్ కొబ్బరికాయ కొట్టారు. అందరూ చప్పట్లు కొట్టి, వెళ్ళి ఎవరి సీట్లలో వాళ్ళు కూర్చుని, హాయిగా కాళ్ళు చాపారు.

దీపం వెలిగింది.

సార్ అప్పుడే సంతకం పెట్టబోతూ కలం ఎత్తారు. అలాగే ఆగిపోయారు. పది నిమిషాలైంది. అరగంటైంది. పైడిరాజు గారు తలుపు సందులోంచి చూసి నా దగ్గరకొచ్చారు.

"ఏటమ్మా, ఆరదేటి?"

"అయిదింటికి అందరూ వెళ్ళాక ఆరుతుంది గాని, పనివేళ దాటిన సంతకం చెల్లదు కదండీ. పనివేళలో ఆరాలంటే పదిహేడుమందీ ఒకేసారి కాలు తీయాలి."

"ఒకేసారి అంటే కష్టమే" అన్నారాయన. ఇరవై ఏళ్ళలో ఆ పదిహేడుమందీ ఒకేసారి చేసిన పని ఏదైనా ఉందా అని ఆలోచిస్తున్నట్టు కనిపించారు.

రెండోరోజు అనుమానాలు మొదలయ్యాయి. టీ తాగడం అధికార చర్య అవుతుందా? న్యాయ విభాగాన్ని లిఖితపూర్వకంగా అడిగారు. టీ నోటిదాకా తీసుకెళ్ళడం అధికార చర్య కాదనీ, 'పంచదార తక్కువైంది' అనడం మాత్రం అధికార చర్యేననీ జవాబొచ్చింది. ఆ రోజు నుంచి సార్ పంచదార తక్కువైన టీనే తాగారు. తుమ్ము మీద స్పష్టత రాలేదు. ఆయన బిగబట్టుకున్నారు.

మూడోరోజు కాళ్ళు పైన పెట్టుకోవడానికి పాదపీఠాలు తెప్పించారు. పదిహేడు చెక్క పీటలు. వాటిని ఎక్కడ పెట్టాలో ఉత్తర్వులో లేదు. సార్‌ను అడుగుదామంటే దీపం వెలుగుతోంది. సిబ్బంది తమ విచక్షణ మేరకు వాటిని పెడళ్ళ మీద పెట్టారు. సెలవులో ఉన్నవాళ్ళ పెడళ్ళు కూడా దాంతో తొక్కుడు పడ్డాయి. ఆ పీటలు తీయించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆరోరోజు పైడిరాజు గారికి మంచి ఉపాయం తట్టింది. కార్యాలయంలో ఎప్పుడో పనిచేసి ఈ మధ్య కాలం చేసిన ఒకాయన పేరు వెతికి పట్టుకుని, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. పదిహేడు పాదాలూ పెడళ్ళ మీద నుంచి లేచాయి. దీపం ఆరింది! నేను మా ఆమోదపత్రం పట్టుకుని లోపలికి పరిగెత్తాను. పురుషోత్తమం గారు కూడా చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, మౌనం పాటిస్తూ నిలబడి ఉన్నారు. ఒక కంట కన్నీటి చుక్క. రెండు నిమిషాలయ్యాక ఆయన కళ్ళు తెరిచేసరికి అందరూ కూర్చున్నారు.

ఇక్కడొక చిత్రమైన సంగతి. ఆఫీసు పనిచేస్తోంది. మామూలు ఫైళ్ళ మీద 'అధికారి తరఫున' అని పైడిరాజు గారు సంతకం పెట్టవచ్చు. ఇదివరకు అవి సార్ దగ్గరికెళ్ళి 'చర్చించండి' అయ్యేవి. ఇప్పుడు సార్ చర్చించమనలేరు. మూడు నెలలుగా కదలని ఫైళ్ళు మూడు రోజుల్లో అయిపోయాయి. జనం కాగితాలు పట్టుకుని మెట్లు దిగుతూ అనుమానంగా వెనక్కి తిరిగి చూసేవారు. ఎవరైనా పిలిచి లాక్కుంటారేమోనని. వాహనంలో మార్పుకు ఇచ్చే ఆమోదపత్రం ఒక్కటే సార్ స్వహస్తంతో పెట్టవలసిన సంతకం. అంటే జిల్లా మొత్తంలో ఆగిపోయిన పని మాదొక్కటే.

"వదినా, అందరి పనీ అయిపోతోంది" అంది హైమ వరండాలో, గోళ్ళు కొరుక్కుంటూ. "మన స్విచ్చు వల్లే అందరి పనీ అవుతోంది. మన పని తప్ప."

ఇరవై మూడున పై కార్యాలయం నుంచి సంయుక్త కమిషనరు తనిఖీకి వచ్చారు. ఆవిడ పురుషోత్తమం గారి ఎదురుగా కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడారు. ఆయన కదల్లేదు. అడ్డు చెప్పలేదు. వాచీ చూసుకోలేదు. ఆవిడ బయటికి వచ్చి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"నేను చెప్పింది ఇంత ఏకాగ్రతతో విన్న అధికారిని నా సర్వీసులో చూడలేదు" అన్నారు. రిజిస్టరులో కూడా అదే రాశారు. ఇంకో వాక్యం చేర్చారు: 'ఇరవై ఆరో తేదీ సాయంత్రం అయిదు గంటల్లోపు అధికారి స్వయముగా రద్దు చేయనిచో, ఈ పథకము ఇచ్చట శాశ్వతముగా కొనసాగును.'

పైడిరాజు గారు ఆ రాత్రే రద్దు ఉత్తర్వు టైపు చేయించి, మర్నాడు పొద్దున సార్ బల్ల మీద పెట్టారు. దాని పక్కనే నేను మా ఆమోదపత్రం పెట్టాను. రెంటికీ గడువు ఒకటే. రెంటి మీద పడవలసిన సంతకం కూడా ఒకటే. దీపం వెలుగుతూనే ఉంది. సార్ ఆ రెండు కాగితాల వంక, కనుసైగ అనిపించుకోకుండా ఎంత చూడగలరో అంత చూశారు.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు హైమ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, జనం సీట్లోంచి ఎప్పుడు లేస్తారు?"

"భోజనానికి. కాని ఒకేసారి లేవరు."

"ఇంకెప్పుడు?"

నేను కిటికీ వైపు చూశాను. కార్యాలయం వెనక లైసెన్సు పరీక్షల మైదానం ఉంది. పొడుగ్గా, చదునుగా, ఖాళీగా. ఒక చివర నీడ పట్టున ఒకే ఒక స్కూటరు ఉంది.

"వింత చూడటానికి" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత తాళంచెవి తిప్పుకుంటూ మెట్లన్నీ రెండేసి చొప్పున దిగింది.

నేను సార్ గదిలోకి వెళ్ళి, ఆయన కలం మూత తీసి చేతిలో పెట్టాను. కలం పట్టుకోవడం అధికార చర్య కాదు. పైడిరాజు గారు నా ఎదురుగా రద్దు ఉత్తర్వు పట్టుకుని నిలబడ్డారు.

"ముందు ఇదమ్మా."

"ముందు మాదేనండి."

"మీకు ఈ ఆదివారం పోతే పోయింది. ఆయనకు జీవితం పోతుంది!"

"మా హైమక్కూడా అంతేనండి."

బయట ఇంజను లేచింది. మొదటి గేరులో అరుచుకుంటూ మైదానంలోకి వచ్చింది. ఆ వెంటనే రెండోది, గొంతు తగ్గకుండా. హాల్లో కుర్చీలు చప్పుడు చేశాయి. "ఎవర్రా అది?" "చూడు చూడు, ఆడమనిషి!" "తప్పుకోండి, నేనూ చూడాలి!" ఒక్కొక్కరే కిటికీల దగ్గరకు పరిగెత్తారు. నేను తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. పది. పధ్నాలుగు. పదహారు.

దీపం ఆరలేదు.

డిస్పాచ్ బల్ల దగ్గర సుభద్రమ్మ గారు కదలకుండా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"అమ్మా, రండి చూద్దురుగాని" అన్నాను.

"కార్లు నేను చూడనివా?" అన్నారు, కాయ విరుస్తూ.

హైమ మైదానం ఆ చివర తిరిగింది. దుమ్ము మేఘం. అక్కడినుంచి ఈ చివరి దాకా, నేరుగా, నీడ పట్టున ఉన్న స్కూటరు వైపు. కిటికీ దగ్గర ఎవరో కేకేశారు: "అయ్యయ్యో, ఆ స్కూటరు ఎవరిది?"

సుభద్రమ్మ గారి చేతిలో కాయ ఆగిపోయింది. "లేత నీలమా?"

"లేత నీలమే!"

"నా బండి!"

ఆ మోకాళ్ళతో ఆవిడ ఎలా లేచారో, మధ్యలో రెండు బల్లలు ఎలా దాటారో ఉపసంఘం నివేదికలో ఎక్కడా లేదు. ఒళ్ళోంచి చిక్కుడుకాయలు హాలంతా పరుచుకున్నాయి. ఆవిడ కిటికీ చేరారు. హైమ స్కూటరుకు మూరెడు దూరంలో వంపు తీసుకుని వెళ్ళిపోయింది.

దీపం ఆరింది.

"సార్!" అన్నాను.

"సర్!" అన్నారు పైడిరాజు గారు.

రెండు కాగితాలు ఆయన ముందు. తొమ్మిది సెకన్ల సంతకం. ఆయన కలం రద్దు ఉత్తర్వు మీదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు బయట కారు రెండో గేరు నుంచి మూడో గేరుకు వెళ్ళింది. ఎక్కడా తగ్గలేదు, ఎక్కడా తెగలేదు. ఆయన తలెత్తారు. పన్నెండు రోజుల తర్వాత నోరు తెరిచారు.

"అదేనా?"

"అదేనండి."

కలం ఇటు వచ్చింది. ఇంటిపేరు. ఒక మెలిక. రెండు. "బాగానే ఉంది నా బండి" అంటూ సుభద్రమ్మ గారు వెనుదిరిగారు. మూడో మెలిక. ఒక గీత. "కాయలన్నీ పోయాయి" అంటూ వంగి ఏరుకుంటున్నారు. రెండో గీత. కుర్చీ లాక్కున్నారు. తేదీ. ఇరవై... ఆరు... చుక్క.

దీపం వెలిగింది. ఆయన కలం అప్పటికే పైకి లేచింది.

"సర్, ఇదేటి సర్!" పైడిరాజు గారు రద్దు ఉత్తర్వును ఆయన కలం కిందికి తోశారు. "మీ బతుకు సర్ ఇది!"

సార్ జవాబు చెప్పలేరు. నిటారుగా కూర్చుని ఎదురుగా గోడను చూస్తున్నారు. పెదవి చివర మాత్రం ఏదో కదిలినట్టనిపించింది. చిరునవ్వు అధికార చర్యా కాదా అన్నది ఉత్తర్వులో లేదు. అయిదుకు పది నిమిషాలుండగా మేం పత్రాన్ని నిర్వాహకులకు అందజేశాం. అయిదింటికి పథకం శాశ్వతమైంది.

ఆదివారం ఘాట్ రోడ్డు చివరి మలుపు దగ్గరకు నేను వెళ్ళేసరికి ఆఫీసు ఆఫీసంతా అక్కడే ఉంది. పదిహేడుమందీ, పిల్లలతో, పులిహోర క్యారియర్లతో. సుభద్రమ్మ గారు మడతకుర్చీ తెచ్చుకున్నారు. కల్వర్టు గట్టు మీద, గళ్ళ చొక్కాలో, పురుషోత్తమం గారు.

"అడగకూడదు గాని..." అన్నాను. "రద్దు వదిలేసి మాది ఎందుకు చేశారండీ?"

ఆయన ఒకసారి అటూ ఇటూ చూసుకున్నారు.

"అమ్మా, ఆ కుర్చీలో నేను ఆగితేనే పని జరుగుతోంది. అది నేను చూశాను, మీరూ చూశారు. దాన్ని మళ్ళీ చెడగొట్టడం దేనికి? మీ కాగితం అలా కాదు. నేను సంతకం పెడితేనే కదులుతుంది." "ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నా సంతకం వల్ల ఒక్కటంటే ఒక్కటి ముందుకెళ్ళడం ఈ కళ్ళతో చూడలేదు. చూద్దామని వచ్చాను."

కింద లోయలో ఇంజను వినిపించింది. చెట్ల వెనక నుంచి పైకి, ఇంకా పైకి. రెండు. మూడు. మళ్ళీ వంపు దగ్గర రెండు, మళ్ళీ మూడు. గొంతు దిగడం లేదు. మలుపు తిరిగి హైమ కారు మా ముందునుంచి వెళ్ళిపోయింది. ఎరుపు రంగు, వేడి గాలి, కంకర. అంతే.

ఆమె కారు దిగి హెల్మెట్ తీసి నా దగ్గరకు వచ్చేసరికి బోర్డు మీద అంకెలు పడ్డాయి. చూడటానికి ఆమెకు ధైర్యం లేదు. నా మొహమే చూస్తోంది.

"చెప్పు వదినా. ఎంత తేడా?"

"ఆరు పదో వంతులు."

"వెనకా?"

"ముందు."

ఆమె రోడ్డు మీద అలాగే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే నా కాళ్ళు పట్టుకుని ఊపింది. నేను కూడా ఏవో అరిచానట. ఏమరిచానో చెప్పడానికి హైమ ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

"ఆ సంతకం పెట్టినాయన ఏడీ వదినా?" అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ.

నేను చూపించాను. పురుషోత్తమం గారు గట్టు మీద నుంచి దూకి, పైడిరాజు గారిని ఎత్తుకుని, రోడ్డు మధ్యలో గిరగిరా తిరుగుతూ "నా సంతకమే! నా సంతకమే!" అని కేకలు పెడుతున్నారు. సిబ్బంది పదిహేడుమందీ చుట్టూ చేరి "సర్, చాలు సర్, పడిపోతారు సర్" అంటున్నారు. ఆయన్ని ఆపడం ఎవరివల్లా కావడం లేదు.